డ్రైను మీద సాయంకాలం



నాకు ఫోనుతో పొద్దుగూకే వేళ ఫోటోలు తీసే పిచ్చి ఉందని మీలో చాలామందికి తెలుసు. కూటం ముగించుకొని బండి మీద వస్తూ ఎక్కడ నీళ్లు కనబడితే అక్కడ ఆగిపోతాను. అన్నం చల్లారిపోతోందని ఇంట్లో విసుక్కుంటారు కూడా.

ఆగస్టు మొదటి వారంలో చుండూరు దగ్గర తుంగభద్ర డ్రైను కట్ట మీద అలాగే ఆగాను. చుట్టూ నాట్లు పడిన పొలాలు, పడమట వానమబ్బు, దాని కింద సూర్యుడు. పొద్దు వాలినప్పుడు వెలుగు గాలిలో చాలా దూరం నడిచి రావాలి. నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మన దాకా వస్తుంది. ఆ ఎరుపంతా నీళ్లలో పడింది. తెర మీద ఆకాశాన్ని వేలితో తాకి, వెలుగు తగ్గించి తీశాను. అలా తీస్తే రంగులు బాగా వస్తాయి గాని కట్ట, కట్ట మీది మనుషులు నల్లబడిపోతారు. అదీ అందమే అనుకున్నాను. ‘దేవుని చేతిపని, ఎంత ప్రశాంతం’ అని రాసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఆమెన్‌లు చాలానే వచ్చాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఒక మామ్మ నా దగ్గరికొచ్చింది. చుండూరు విడిచి తెనాలి వచ్చేసిన కుటుంబం ఆమెది.

“అయ్యగారూ, అది మా డ్రైనేనా అండీ?”

“అవునమ్మా.”

“గోతాలు తీసింది అక్కడేనండి. చూడలేక మనవడి చేత తీసేయించాను.”

1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి డ్రైనులో, కాలువలో పడేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. చనిపోయినవారిని పాతిపెట్టిన చోటును రక్తక్షేత్రం అంటారు. ఇవన్నీ నాకు తెలుసు. హేబెలు రక్తం గురించి ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. అయినా ఆ నీళ్లు ఎర్రబడితే నాకు రంగే కనబడింది. అది ఏ వారమో కూడా తట్టలేదు.

ఫోటో తీసేశాను, క్షమాపణ అడిగాను. “తెలిసి చేశారా ఏంటి, ఊరుకోండి” అంది. అది మరీ గుచ్చుకుంది.

తర్వాతి వారం తనే నన్ను అక్కడికి తీసుకెళ్లమంది. కట్ట మీద నిలబడి, “నన్నొకటి తీయండి” అంది. పొద్దు ఆమె వెనకే ఉంది. ఈసారి ఆమె ముఖం మీద వేలు పెట్టాను. ఆకాశమంతా తెల్లగా వెలిసిపోయింది, నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. కళ్లజోడు, నుదుటి ముడతలు, జారిన కొంగు స్పష్టంగా వచ్చాయి.

తర్వాత ఒక్కొక్కరి పేరు చెప్పడం మొదలుపెట్టింది. ఎవరెలా నడిచేవారో, ఎవరికి ఏ కూర ఇష్టమో. చీకటి పడేదాకా విన్నాను.

ఆ ఫోటో ఇక్కడ పెట్టడం లేదు. ఆమె వద్దంది.