కింద పడ్డాక ఏం చేయాలి?

నవ్వకండి. నలభై ఆరేళ్ల వయసులో నేను వారానికి మూడు రోజులు మందపాటి తెల్ల కోటూ ప్యాంటూ తొడుక్కుని, నడుముకి తెల్ల పట్టీ బిగించి, మా వీధి చివర మేడ మీద పరిచిన చాపల మీద ఇంకో ఆడమనిషితో కుస్తీ పడుతున్నాను. దాని పేరు బ్రెజిలియన్ జియు-జిట్సు. ఆ పేరు నోరు తిరగడానికే నాకు వారం పట్టింది. మా అత్తగారు ఇప్పటికీ "జిల్లేడు క్లాసు" అనే అంటారు.

ఎందుకు చేరానో ముందు చెప్పాలి. 2022లో ఒక సాయంత్రం, ఇక్కడే హైదరాబాదులో, కూరగాయల సంచితో మా సందు మలుపు తిరుగుతుంటే ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చారు. వెనక కూర్చున్నవాడు నా మెడలో గొలుసు పట్టుకుని లాగాడు. అది ఒక్క లాగుడుకి తెగలేదు. నేను వెల్లకిలా పడ్డాను. వాడు బండి దిగి, నా మీదికి వంగి, గొలుసు తెంచుకుని, మళ్లీ తాపీగా బండెక్కి వెళ్లిపోయాడు. అంతా కలిపి పది సెకన్లేమో. ఆ పది సెకన్లూ నేను వాడి మొహంలోకి చూస్తూ అలాగే పడి ఉన్నాను. అరవలేదు. చెయ్యి అడ్డం పెట్టలేదు. కాలైనా కదపలేదు. బంగారం పోయిందని ఇంట్లో అందరూ బాధపడ్డారు. నాకు మాత్రం గొలుసు సంగతి నెలలోనే సర్దుకుంది గానీ, దుంగలా పడి ఉండిపోయాననే మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది.

ఆ తర్వాత వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. పళ్ల డాక్టరు గారు కుర్చీ వెనక్కి వాల్చి, దీపం వెలిగించి మీదికి వంగేసరికి చెమటలు పట్టి లేచి వచ్చేశాను. పుచ్చు పన్ను అలాగే ఉండిపోయింది. మా వారు బతిమాలారు, కోప్పడ్డారు, చివరికి ఊరుకున్నారు.

మా అమ్మాయి డిగ్రీ చదువుతూ అప్పటికే ఈ క్లాసుకి వెళ్తోంది. ఒకరోజు "అమ్మా, ఇందులో మొదటి పాఠమే కింద పడుకోవడం. పైన మనిషి ఉండగా కింద నుంచి ఏం చేయాలో నేర్పుతారు" అంది. ఆ మాటకే వెళ్లాను. లేకపోతే వెళ్లేదాన్ని కాదు.

ఈ విద్య పుట్టు పూర్వోత్తరాలు క్లుప్తంగా చెబుతాను. జపాను జూడో యోధుడు మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరి, తర్వాత బెలేమ్ అనే ఊళ్లో స్థిరపడ్డాడు. ఆయన దగ్గర కార్లోస్ గ్రేసీ నేర్చుకున్నాడు, ఆయన నుంచి తమ్ముళ్లకు వచ్చింది. తమ్ముడు హేలియో బక్కపలచని మనిషి, బలంతో చేసే పట్లు తనకు కుదరక, కింద నుంచి ఒడుపుతో చేసేవాటి మీద దృష్టి పెట్టాడని చెబుతారు. ఆయన కొడుకు హోయ్స్ గ్రేసీ 1994 డిసెంబరులో అమెరికాలో డాన్ సెవర్న్ అనే మల్లయోధుడితో తలపడ్డాడు. హోయ్స్ బరువు దాదాపు 80 కిలోలు, అవతలివాడు దాదాపు 118. పావుగంటకు పైగా ఆ కొండ కింద పడి ఉండి, చివరికి కింద నుంచే కాళ్లతో మెడకు ఉచ్చు బిగించి ఓటమి ఒప్పించాడు. ఆ వీడియో మా అమ్మాయి చూపించినప్పుడు నేను చూసింది చివర్లో వచ్చిన గెలుపును కాదండీ, ముందు పావుగంటని. ఆ మనిషి ఒక్క క్షణం కూడా ఊరికే పడి లేడు. నడుము జరుపుతూనే ఉన్నాడు, కాళ్లు సర్దుతూనే ఉన్నాడు.

కింద వెల్లకిలా ఉండి, పైమనిషికీ మనకీ మధ్య కాళ్లు అడ్డం పెట్టి ఆపడాన్ని గార్డ్ అంటారు. పోటీల్లో గార్డ్ లో కింద ఉన్నందుకు పాయింట్లేమీ పోవు. పైమనిషి మన కాళ్లు దాటి పక్కకి వచ్చి అదిమి పట్టుకుంటే ఆమెకి 3 పాయింట్లు, మనం కింద నుంచి ఆమెను తిప్పి పడేసి పైకొస్తే మనకి 2. అంటే కింద పడటం ఓటమి కాదన్నమాట. కాళ్లు దాటనివ్వడమే ఓటమికి దారి.

మొదటి గార్డ్ పేరు క్లోజ్డ్ గార్డ్. రెండు కాళ్లూ ఎదుటిమనిషి నడుము చుట్టూ వేసి, వీపు వెనక మడమలు మెలివేయాలి. మొదటిరోజు అది చూసి నాకు సిగ్గుతో తల తిరిగిపోయింది. మీకైనా అంతే. అయితే మాది ఆడవాళ్ల బ్యాచ్, నేర్పేదీ ఆడపిల్లే. ముప్పై ఏళ్లుంటాయి, నడుముకి ఊదా పట్టీ. నన్ను ఆంటీ అంటూనే చెవి మెలేసినట్టు నేర్పుతుంది. తెలుపు, నీలం, ఊదా, గోధుమరంగు, నలుపు - పట్టీల వరస ఇది. వారం తిరిగేసరికి సిగ్గుకి తీరికే లేకపోయింది.

సిగ్గు పోయాక ఇంకో జబ్బు పట్టుకుంది. నాకు ఆ క్లోజ్డ్ గార్డ్ తెగ నచ్చేసింది. కాళ్లు మెలివేసి బిగించి పట్టుకుంటే పైమనిషి నన్నేమీ చేయలేదు కదా, ఇంకేం కావాలి? ఐదు నిమిషాలు గంట మోగేదాకా అలా పట్టుకునే ఉండేదాన్ని. నాలుగు నెలలు అదే పని. నా జోడీ బ్యాంకులో పనిచేసే ఒకావిడ, ఎనభై కిలోల మనిషి, మంచి నవ్వుమొహం. మొదట్లో ఆవిడకీ తోచేది కాదు. తర్వాత కిటుకు నేర్చుకుంది. లేచి నిలబడి, నా మోకాలి మీద చెయ్యి వేసి కిందికి నొక్కేది. మడమలు పట్టున ఊడిపోయేవి, రెండు కాళ్లూ ఒక పక్కకి పడేవి, నేను మళ్లీ దుంగ. ఆవిడ ఛాతీ నా ఛాతీ మీద. కళ్ల ముందు ఆ సందు మలుపే. ఒకరోజు ఓడిపోయానని చాప మీద తట్టి - ఇందులో అదే లెక్క, చేత్తో రెండుసార్లు తడితే వెంటనే వదిలేయాలి - బాత్ రూములోకి వెళ్లి ఏడ్చాను.

బయటికి వచ్చాక మా టీచరు అడిగింది. "ఆంటీ, మీ కాళ్లు ఆమె విప్పేదాకా ఎందుకు ఆగుతున్నారు? మీరే ముందు విప్పొచ్చు కదా!"

నాకు ఒక పట్టాన అర్థం కాలేదు. అసలు విప్పడం ఎందుకు?

ఆ నెలంతా ఆ పిల్ల నాకు అదే నేర్పింది, ఒక గార్డ్ లోంచి ఇంకో గార్డ్ లోకి మారడం. పైమనిషి నడుము నిటారుగా చేసి లేవబోతుంటే మన పట్టు సడలబోతోందని గుర్తు. అది ఊడకముందే మనమే మడమలు విప్పి, రెండు పాదాలూ ఆమె తుంటి ఎముకల మీద ఆనించాలి. అయితే అంతకన్నా ముందే చేతులు ఆమె కోటు చేతుల అంచులు పట్టుకుని ఉండాలి. ఇది మరిచిపోయి కాళ్లు విప్పితే అంతే సంగతులు. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో బావిలో నీళ్లు తోడిన వాళ్లకి ఇది సులువుగా తెలుస్తుంది. ఒక చెయ్యి తాడు పట్టుకున్నాకే రెండో చెయ్యి వదులుతాం. రెండూ ఒకేసారి వదిలితే చేద బావిలో పడుతుంది. ఇక్కడా అంతే, రెండు చేతులు, రెండు కాళ్లు, ఈ నాలుగింటిలో ఒకటి మారుతుంటే మిగతావి పట్టు విడవకూడదు.

ఆమె ఒక కాలు ముందుకు వేసి నిలబడిందనుకోండి, ఆ కాలికి బయటి వైపు నుంచి మన కాలు చుట్టి, పాదాన్ని ఆమె తొడ లోపలి వైపు కొక్కెంలా తగిలించి, ఆ మడమ దగ్గర చేత్తో పట్టుకోవాలి. 1980ల్లో రికార్డో డి లా హీవా అనే ఆయన దీనికి పేరు తెచ్చాడు, ఆయన పేరే పెట్టారు. మా అమ్మాయి అలవోకగా చేస్తుంది. నా మోకాలు ఒప్పుకోదు, నేను దాని జోలికి పోను. అన్నీ అందరికీ రానక్కర్లేదు.

నాకు కలిసొచ్చింది రెండోది. ఆమె నిలబడకుండా మోకాళ్ల మీదే ముందుకు తోసుకొచ్చిందనుకోండి, వెల్లకిలా ఉన్నదాన్ని పక్కకి తిరిగి, పై మోకాలు ఆమె పొట్టకి అడ్డంగా కవచంలా పెడతాను. ఆ మోకాలినీ ఆమె నలిపేస్తే, ఆమె కాళ్లలో ఒకటైనా నా రెండు కాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంటాను. దీన్నే హాఫ్ గార్డ్ అంటారు. పూర్వం దీన్ని సగం ఓడిపోయినట్టే చూసేవాళ్లట. రొబెర్తో కొర్రేయా అనే బ్రెజిల్ ఆయనకి మోకాలు దెబ్బతిని వేరే ఏదీ కుదరక దీనినే పట్టుకుని సాధన చేసి, అక్కడి నుంచే అందరినీ పడేయడం మొదలుపెట్టాడు. ఆయన్ని అందరూ గోర్దో అంటారు, వాళ్ల భాషలో లావుపాటివాడని అర్థం. మోకాళ్ల నొప్పుల వాళ్లందరి తరఫునా ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను.

హాఫ్ గార్డ్ లో మళ్లీ వీపు నేలకి ఆనించామా, ఆమె బరువంతా మన మీదే. పక్కకి తిరిగి ఉండాలి, కింద నుంచి ఒక చెయ్యి ఆమె చంకలోంచి వీపు మీదికి పోనివ్వాలి. అక్కడి నుంచి మొదటి గార్డ్ కి తిరిగి రావడం అన్నిటికంటే కష్టం. నేను కాలు లాక్కోవాలని చూసేదాన్ని. ఎనభై కిలోల కింద నుంచి కాలు వస్తుందా? రాదు. కదలాల్సింది కాలు కాదు, నడుము. ముంజెయ్యి ఆమె మెడ దగ్గర కర్రలా అడ్డం పెట్టి - తోయకూడదు, ఊరికే అడ్డం ఉంచాలి - పాదం నేలకి తన్ని నడుమును వెనక్కి జరిపితే జానెడు సందు ఏర్పడుతుంది. ఆ సందులో మోకాలు దూర్చాలి. ఇలా నడుము జరపడాన్ని చాలాచోట్ల రొయ్య అనే అంటారట! భీమవరం పిల్లని, నాకు చెప్పాలా రొయ్య సంగతి. తోక లోపలికి ముడిచి ఒక్క విదిలింపుతో వెనక్కి పోతుంది. రోజూ క్లాసు మొదట్లో చాప ఈ చివర నుంచి ఆ చివరకి మేమందరం రొయ్యల్లా వెళ్తాం. మా వారు ఒకసారి తలుపు సందులోంచి చూసి వారం రోజులు నవ్వారు.

ఇంటి దగ్గర గొడవలు లేవని కాదు. చాప ఎక్కేముందు గాజులు, నల్లపూసలు, మెట్టెలు అన్నీ తీసేయాలి, గుచ్చుకుంటాయి, వేళ్లు విరుగుతాయి. మా అత్తగారు దీనికి చాలా బాధపడ్డారు. ఆవిడ బాధ నాకు అర్థమైంది, వాదించలేదు. తీసినవన్నీ చిన్న స్టీలు డబ్బాలో పెట్టి సంచిలో వేసుకుంటాను, అయిపోగానే అక్కడే పెట్టుకుని మరీ ఇంటికొస్తాను. ఈమధ్య ఆ డబ్బా ఆవిడే వెతికి చేతికిస్తున్నారు.

ఇంకో మాట. బండి మీద వచ్చేవాళ్లతో పోట్లాడటానికి ఈ విద్య నేర్చుకున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇద్దరుంటారు, కత్తి ఉంటుంది. గొలుసు అడిగితే ఇచ్చేయండి. మెడ నొప్పి, డిస్కు బాధ ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా చాప ఎక్కకండి. గోళ్లు కత్తిరించుకోండి.

మొన్న శ్రావణం ముందు ఒక బుధవారం బ్యాంకు ఆవిడతో ఐదు నిమిషాల పోటీ. ఆవిడ లేవబోయింది, నేనే ముందు మడమలు విప్పి పాదాలు తుంటికి ఆనించాను. ఆవిడ నా కాలు పక్కకి తోసి మోకాళ్ల మీద వచ్చింది, పక్కకి తిరిగి మోకాలు అడ్డం పెట్టాను. దాన్ని నలిపేసింది, హాఫ్ గార్డ్ పట్టాను. ఊపిరి అందడం లేదు, చెవిలో ఆవిడ ఆయాసం. ముంజెయ్యి పెట్టి ఒకసారి రొయ్య, చాలలేదు, ఇంకోసారి, సందు వచ్చింది, మోకాలు దూరింది. మళ్లీ మొదటి గార్డ్. గంట మోగడానికి ముందు ఆవిడ ఎలాగో నా కాళ్లు దాటేసిందనుకోండి, ఓడిపోయాను. లేచాక "ఏంటండీ ఇవాళ, ఒక్కచోట నిలవలేదు!" అని నా వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ రాత్రి మా ఇంట్లో అందరికీ పెసరట్లు వేస్తూ నేను పాడుకుంటున్నానని మా అమ్మాయి చెప్పింది, నాకైతే తెలియదు.

తర్వాతి సోమవారం పళ్ల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. కుర్చీ వెనక్కి వాల్చారు. దీపం వెలిగింది, ఆయన మీదికి వంగారు. గుండె దడదడలాడింది కానీ లేవలేదు. కాసేపటికి ఆయన చెయ్యి ఆపి, "అమ్మా, మోకాలు కాస్త కిందికి దించి తిన్నగా పడుకోండి" అన్నారు. చూసుకుంటే నేను పక్కకి ఒత్తిగిలి, పై మోకాలు ఆయనకి అడ్డంగా పెట్టుకుని ఉన్నాను.