వెళ్లిపోతానంటేనే నిధులు

వాషింగ్టన్ చైనాటౌన్‌లో క్యాపిటల్ వన్ అరీనా 1997లో తెరిచారు. అప్పట్లో పేరు ఎంసీఐ సెంటర్. జట్ల యజమాని ఏబ్ పోలిన్ మేరీలాండ్ శివార్లలో ఆడే తన జట్లను నడిబొడ్డుకి తెచ్చాడు. సందడొచ్చింది, అద్దెలు పెరిగాయి, చైనా కుటుంబాలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. ఇప్పుడక్కడ అమెరికన్ కాఫీ షాపుల బోర్డుల మీద కూడా చైనా అక్షరాలుంటాయి, చైనావాళ్లే పెద్దగా కనపడరు.

కోవిడ్‌తో ఆఫీసులు ఖాళీ అయి పేట వెలవెలబోయింది. 2023 డిసెంబర్‌లో అరీనా ప్రస్తుత యజమాని టెడ్ లియోన్సిస్ జట్లతో నది దాటి మా వర్జీనియాకి, పొటోమాక్ యార్డ్‌కి వచ్చేస్తానన్నాడు. ఇక్కడ మనవాళ్లు కొందరు సంబరపడ్డారు కూడా! కానీ రాష్ట్ర సెనేట్‌లో లూయీస్ లూకస్ దానికి ససేమిరా అంది. 2024 మార్చిలో వాషింగ్టన్ నగరం 51.5 కోట్ల డాలర్లు ఇస్తామంది, లియోన్సిస్ 2050 దాకా అక్కడే ఉంటానన్నాడు.

అరీనా ఉండటం మంచిదే. కానీ కదిలిపోతానని బెదిరించగలిగినవాడికే ఇంత తొందరగా డబ్బు పుట్టడం నాకు మింగుడుపడలేదు. పక్క వీధి చిన్న దుకాణదారు వెళ్లిపోతానంటే ఎవరు బతిమాలతారు?

ఈసారి ఆ అరీనాలో విజార్డ్స్ బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తే మెట్రో దిగి నేరుగా లోపలికి పోకండి. మిగిలిన ఆ కాసిని చైనా హోటళ్లలో ఎక్కడైనా తిని వెళ్లండి.