ప్రసంగం లేని ముగింపు

నైజెల్ నీల్ రచన ‘క్వాటర్‌మాస్ అండ్ ది పిట్’ 1958-59లో బి.బి.సి. టెలివిజన్‌లో ఆరు భాగాలుగా ప్రసారమై, 1967లో చలనచిత్రమయింది. లండన్ నేల అడుగున బయటపడిన అంగారక నౌక, ఆదిమానవులలో అంగారకులు నాటిన ఉన్మాదాన్ని మేల్కొలుపుతుంది: మనుషులు తమకు భిన్నమైనవారిని వేటాడతారు. టెలివిజన్ కథ చివర శాస్త్రజ్ఞుడు క్వాటర్‌మాస్ ప్రజలను హెచ్చరిస్తూ ప్రసంగిస్తాడు. చిత్రంలో ఆ ప్రసంగం లేదు. శిథిలాల నడుమ ఇద్దరు మౌనంగా మిగులుతారు.

పాఠాన్ని నీతితో ముగించే అలవాటున్నవాణ్ణి గనుక, ఆ మౌనం మొదట నాకు పలాయనమనిపించింది. కాదు. ప్రసంగానికి తలూపి లేచిపోతాం. ఆ మౌనం లేవనివ్వదు.

అయినా ఒక అభ్యంతరం మిగిలింది. ద్వేషం రక్తంలోనే ఉందంటే బాధ్యత అంగారకులదే గదా! నా తరగతిలో కులమడిగి పక్కన కూర్చునే కుర్రవాడు ఆ బుద్ధిని ఏ గ్రహం నుంచీ తెచ్చుకోలేదు, ఇంట్లో నేర్చాడు. నేర్చినదాన్ని మాన్పించవచ్చు. ఆ పని చెయ్యకుండానే నేనెన్నో పాఠాలు ముగించాను.