ఇసుకమేటను చీల్చిన రేవు

ఉర్దూలో ‘బందర్’ అంటే రేవు. మచిలీపట్నాన్ని బందరు అని పిలుచుకొనే మనకు రేవు అనగానే సముద్రమే స్ఫురిస్తుంది. ఇక చికాగో అనగానే 1893 నాటి సర్వమత మహాసభ జ్ఞాపకం వస్తుంది. సముద్రానికి ఎంతో దూరాన, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ నగరం ఓడరేవుగా ఎదిగిందని చదివి నేను ఆశ్చర్యపోయాను. ఆవలి గట్టు కనిపించే చెరువులను చూచి పెరిగినవాణ్ణి. ఓడలను ముంచివేయగల సరస్సును ఊహించుకొనడం సులభం కాలేదు.

ప్రకృతి అక్కడ రేవును సిద్ధం చేసి పెట్టలేదు. చికాగో నదీముఖానికి ఇసుకమేట అడ్డుపడగా, నది దక్షిణానికి మళ్ళి, ఒడ్డు వెంబడి కొంతదూరం సాగి గాని సరస్సును చేరేది కాదు. ఓడలు దూరాన లంగరు వేసుకొనేవి. సరుకు చిన్న పడవలమీద ఒడ్డుకు వచ్చేది. 1833లో అమెరికా కాంగ్రెసు 25,000 డాలర్లు మంజూరు చేసింది. సైనిక ఇంజనీర్లు మేటను కోయించి, ఆ దారికి ఇరువైపులా కొయ్యచట్రాలలో రాళ్ళు నింపి జెట్టీలు కట్టసాగారు. 1834 ఫిబ్రవరిలో వచ్చిన వరద ఆ దారిని మరింత లోతు చేసింది. మనుషులు మొదలిడిన పనికి నదియే సాయపడిందనవచ్చు. ఆ వేసవిలో ‘ఇల్లినాయ్’ అనే తెరచాప ఓడ నదిలో ప్రవేశించింది. ఇసుక మాత్రం ఊరుకోలేదు. ఉత్తరపు జెట్టీ పక్కన మేట వేస్తూనే వచ్చింది; జెట్టీని పలుమార్లు పొడిగించవలసి వచ్చింది.

ఆ 1833లోనే, సెప్టెంబరు నెలలో, పొటవాటమీ ఆదివాసులు తమ భూములను వదలి మిసిసిపి నదికి పడమరగా వెళ్ళిపోవడానికి ఒప్పందం జరిగింది. చికాగో అనే పేరు అడవి ఉల్లిని సూచించే ఆదివాసుల మాటనుండి వచ్చింది. పేరును ఉంచుకొని మనుషులను పంపివేశారు! రేవు వైభవం చదివినప్పుడెల్ల నాకు ఈ సంగతి ముల్లువలె గుచ్చుకొంటుంది.

1837 నాటికి జనాభా నాలుగు వేలు దాటింది. 1848లో 96 మైళ్ళ కాలువ ఆ సరస్సును మిసిసిపి జలమార్గంతో కలిపింది. ధాన్యం, కలప వెల్లువెత్తాయి.

1916లో సరస్సులోనికి 3,000 అడుగులు చొచ్చుకొనిపోయే మునిసిపల్ పియర్ వెలసింది. 1927లో దానికి నేవీ పియర్ అని పేరు పెట్టారు. విద్యార్థి మిత్రులకు చెప్పదలచినది దీని సంగతే. 1946 నుండి 1965 వరకు అక్కడ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ శాఖ నడిచింది. సరుకుల షెడ్లే తరగతి గదులు. యుద్ధంనుండి తిరిగివచ్చిన సైనికులు, శ్రామిక కుటుంబాల పిల్లలు అక్కడ చదువుకొన్నారు. కొందరు వేళాకోళంగా దానిని ‘రాళ్ళమీది హార్వర్డ్’ అన్నారు. అయితే అక్కడ చదువు రెండేళ్ళే. ఆపై దూరాన ఉన్న అర్బానాకు పోవలసిందే. ఆ ఖర్చుకు తాళలేనివారి చదువు సరస్సు ఒడ్డుననే ఆగిపోయేది. పూర్తి పట్టా ఇచ్చే కళాశాల నగరంలోనే కావాలని ఏళ్ళ తరబడి కోరగా కోరగా, 1965లో అది లభించింది.