వదులు కీళ్లు



ప్రతి ఊరిలోను ఒక వింత పిల్ల యుండును. బొటనవ్రేలిని వెనుకకు వంచి ముంజేతికి ఆనించును. మోకాళ్లు వంచకుండ అరచేతులు రెండును నేలకు ఆనించును. చుట్టములు వచ్చినప్పుడెల్ల "ఏదీ, మరియొకసారి చేసి చూపించవే" అని అడుగుదురు. పిల్ల చేయును. అందరును నవ్వి, "దీనికి ఎముకలు లేవు" అందురు. పది యేండ్లు గడచిన తరువాత ఆ పిల్లయే "మోకాలు నొచ్చుచున్నది, మణికట్టు లాగుచున్నది" అని చెప్పినయెడల, ఆ చుట్టములే "ఈ వయస్సులో నీకు నొప్పులేమిటి? పని తప్పించుకొనుటకే గదా" అందురు. ఆ వేడుకకును ఈ నొప్పికిని సంబంధము కలదని యెవరును తలంపరు.

అట్టి పిల్లలలో నేనొకతెను. మాది మొగల్తూరు. సముద్రమునకు దగ్గర, నర్సాపురమునకు దగ్గర. వరిచేలు, కొబ్బరితోటలు, ఇప్పుడు చేపల చెరువులు, రొయ్యల చెరువులు. వానకాలములో చేనిగట్టు మీద నడచుట ఇక్కడ పుట్టినవారికి నేర్పనక్కరలేని విద్య. నాకు మాత్రము గట్టు మీద నాలుగడుగులు వేయగానే చీలమండ ప్రక్కకు తిరిగిపోవుచుండెను. మా అమ్మకు భుజము జారుచుండెను. నీళ్లబిందె ఎత్తునప్పుడు ఒక చేతితో రెండవ భుజమును అదిమి పట్టుకొనెడిది. మా ఇంట దీనిని "మెత్తని ఎముకలు" అని చెప్పుకొనెడివారము. అయితే మెత్తనివి ఎముకలు కావు.

పందిరి వేయువారిని మీరు చూచియున్నారు గదా. రాటలు పాతి, వాటిమీద వెదుళ్లు అడ్డముగా పెట్టి, కలిసిన చోటనెల్ల కొబ్బరితాడుతో బిగించి కట్టుదురు. రాటలు మంచివే, వెదుళ్లు మంచివే. కాని తాడు సాగునదైనయెడల గాలి వచ్చినప్పుడు పందిరి యంతయు ఊగును. మన దేహములోను ఎముకను ఎముకకు కట్టియుంచు తాళ్లు కలవు. వైద్యులు వాటిని లిగమెంట్లు అందురు. వాటికి గట్టితన మిచ్చునది కొలాజెన్ అను పదార్థము. కొందరికి పుట్టుకతోనే ఈ తాళ్లు ఎక్కువగా సాగును. ఇది తరచుగా కుటుంబములలో దిగివచ్చును. పిల్లలలో ఎక్కువ, పెద్దవారిలో తక్కువ. స్త్రీలలో ఎక్కువ, పురుషులలో తక్కువ. వైద్యులు దీనిని హైపర్‌మొబిలిటీ అందురు. మనము వదులు కీళ్లు అనుకొందము.

1967వ సంవత్సరములో కిర్క్, ఆన్సెల్, బైవాటర్స్ అను ముగ్గురు వైద్యులు, ఇట్టి కీళ్లు గలవారికి కలుగు నొప్పులను గూర్చి వ్రాసి దానికొక పేరు పెట్టిరి. 1973లో పీటర్ బైటన్ అను వైద్యుడును ఆయన సహచరులును దక్షిణాఫ్రికాలో పల్లె ప్రజలను పరీక్షించి, తొమ్మిది మార్కుల కొలత నొకదానిని ప్రకటించిరి. చిటికెనవ్రేలు వెనుకకు 90 డిగ్రీలు దాటి వంగినయెడల ఒక్కొక్క చేతికి ఒక మార్కు. బొటనవ్రేలు ముంజేతికి ఆనినయెడల ఒక్కొక్క చేతికి ఒకటి. మోచేయి, మోకాలు నిటారు దాటి 10 డిగ్రీలకంటె ఎక్కువగా వెనుకకు పోయినయెడల ఒక్కొక్కదానికి ఒకటి. అరచేతులు నేలకు ఆనినయెడల ఒకటి. 2017లో అనేక దేశముల వైద్యులు కూడి చేసిన నిర్ణయము ప్రకారము, ఈడు రాని పిల్లలకు 6, ఆ తరువాత 50 ఏండ్లవరకు 5, ఆపైన 4 మార్కులు వచ్చినయెడల కీళ్లు వదులైనవని చెప్పుదురు.

మార్కులు వచ్చినవారందరును రోగులు కారు. వారిలో అనేకులకు జీవితాంతము ఏ బాధయు ఉండదు. క్రికెట్టు ఆటగాడైన జస్ప్రీత్ బుమ్రా మోచేయి నిటారు దాటి వెనుకకు వంగునని ఆట చూచువారందరును ఎరుగుదురు. ఆ చేతితోనే ఆయన లోకమంతట పేరు తెచ్చుకొనెను. కనుక వదులు కీలు శాపము కాదు. అది తనను కాయు కండరమును కోరు కీలు. నేను చెప్పగోరునది ఈ యొక్క మాటయే.

నొప్పి యెందుకు కలుగును? తాళ్లు సాగినప్పుడు పందిరిని నిలబెట్టు పని కండరముల మీద పడును. ఇతరులకు కూర్చుండుట, నిలుచుండుట విశ్రాంతియైతే, మనకు అదియు పనియే. కండరములు అలసిపోవును. అలసినప్పుడు మనము తెలియకుండనే కీలు మీద వ్రేలాడుదుము. మందిరములో పాట పాడుటకు నిలుచున్నప్పుడు గమనింపుడు. కొందరి మోకాళ్లు విల్లువలె వెనుకకు వంగియుండును. అది కండరము సెలవు తీసికొని, బరువంతయు సాగిన తాళ్ల మీద వేసిన నిలుపు. ఇంతేకాక, కాలు ఎక్కడ నున్నదో, ఎంత వంగినదో కన్నుతో చూడకుండనే దేహము తెలిసికొనును గదా. వదులు కీళ్లు గలవారిలో ఈ తెలివి కొంత మందముగా నుండునని పరీక్షలలో కనుగొనిరి. గట్టు మీద నా చీలమండ తిరిగిపోవుటకు ఇదియు నొక కారణము.

ఇక పల్లెలలో మనకు దొరకు సలహాలు రెండు. మొదటిది, "కదలవద్దు, కూర్చుండుము." రెండవది, "పట్టేసినది, బాగుగా లాగించుము, మెడ విరిపించుకొనుము." నాకు ఈ రెండును చెప్పినవారున్నారు. ఒక వైద్యశాలలో నా మోకాలు చూచి, ఇక పొలము పని మానవలెనని, మెట్లు ఎక్కరాదని చెప్పి పంపిరి. మూడు నెలలు అట్లే గడపితిని. మూడు నెలలకు మోకాలి నొప్పి తగ్గకపోగా, నడుము నొప్పి దానికి తోడు వచ్చెను. తొడలు సన్నబడెను. పని చేయని కండరము చిక్కిపోవును. కండరము చిక్కినకొలది కీలు మరింత దిక్కులేనిదగును. లాగించుకొనుట వలన ఆ పూటకు హాయి కలుగును. కాని సాగిన తాడును మరల సాగదీసినయెడల అది బిగియదు.

తరువాత వేరొకచోట ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి నన్ను నిలబెట్టి, నడిపించి, కూర్చుండబెట్టి చూచెను. "అమ్మగారూ, తాడును మనము మార్చలేము. రాటకు ఊతములు పెట్టగలము" అనెను. ఆమె నేర్పినవి ఖర్చు లేనివి. మీకు వివరముగా చెప్పుదును.

మొదటిది, నిలుపు. నిలుచున్నప్పుడు మోకాలిని వెనుకకు తాళము వేయక, కనబడీ కనబడనంత వంపులో నుంచవలెను. రెండవది, కుర్చీ మీదనుండి చేతుల ఊతము లేకుండ మెల్లగా లేచి, మెల్లగా కూర్చుండుట. దభీమని పడరాదు, దిగుటలోనే బలము పుట్టును. మూడవది, గోడకు రెండు చేతులు ఆనించి, గోడను నెట్టుచు వంగి లేచుట. మోచేతులు పూర్తిగా చాపరాదు. నాలుగవది, వెల్లకిల పండుకొని మోకాళ్లు మడచి నడుము ఎత్తుట. అయిదవది, గుమ్మము పట్టుకొని మునివ్రేళ్ల మీద లేచుట. ఆరవది, గుమ్మము ప్రక్కనే ఒంటికాలి మీద నిలుచుట. మొదట కన్నులు తెరచి, కొన్ని వారముల తరువాత చేయి వదలి. ఈ ఆరవదియే చీలమండకు తెలివి నేర్పును.

ఒక్కొక్కటి 8 లేక 10 మారులు, వారమునకు 3 దినములు. మొదటి వారము ఇది యేమంత పని అనిపించును. అట్లు అనిపించుటయే మంచిది. ఒకనాడు బాగున్నదని రెండింతలు చేసి, మరునాటినుండి నాలుగు దినములు మంచము పట్టుట మన జాతివారికి అలవాటు. మంచి దినమున కొంచెము మిగుల్చుకొనుము, చెడ్డ దినమున కొంచెమైనను చేయుము అని ఆమె చెప్పెను. నాకు తేడా కనబడుటకు దాదాపు మూడు నెలలు పట్టెను. మందు బిళ్లవలె రాత్రికి రాత్రి పనిచేయదు గనుక, నడుమ విడిచిపెట్టువారు అనేకులు.

"బరువులు ఎత్తినయెడల వదులు కీలు ఊడిపోదా?" అని మీరడుగవచ్చును. డెన్మార్కు దేశములో భుజములు వదులైన 100 మందిని రెండు గుంపులుగా చేసి, 16 వారములు కసరత్తు చేయించిరి. ఒక గుంపునకు తేలిక కసరత్తు, రెండవ గుంపునకు క్రమక్రమముగా పెంచిన బరువులు. 2022లో ప్రకటించిన ఫలితములలో, బరువులెత్తిన గుంపువారికే భుజము ఎక్కువ మేలుపడెను. అయితే వారు దానిని నేర్పుగలవారి చూపులో, మెట్టుమెట్టుగా చేసిరి. కీలు చివరివరకు చాచి వదలివేయక, అదుపులో నుంచి ఎత్తుట ముఖ్యము.

మా ప్రాంతపు స్త్రీలకు మరియొక మాట. నర్సాపురము చుట్టుపట్ల పంతొమ్మిదవ శతాబ్దములో మిషనెరీలు నేర్పిన లేసు అల్లిక నేటికిని ఇంటింట నడుచుచున్నది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. మారియా మీస్ అను జర్మను పండితురాలు ఈ లేసు స్త్రీలను గూర్చి 1982లో ఒక గ్రంథము ప్రకటించినది. ఈ పనిని "తీరికవేళ పని" అని పిలుచుటచేత ఆ శ్రమ లెక్కలోనికి రాకుండ పోయెనని ఆమె చూపినది. శ్రమ లెక్కకు రానప్పుడు వ్రేళ్ల నొప్పి మాత్రము లెక్కకు వచ్చునా? వదులు వ్రేళ్లు గలవారికి సన్నని లేసు సూది పట్టుకొనుటయే కష్టము. పట్టు బిగించినకొలది వ్రేలి చివరి కణుపు వెనుకకు విరుగును. నేను సూది పట్టుకొను చోట గుడ్డపీలిక చుట్టి లావు చేసికొంటిని. 20 నిమిషములకొకసారి సూది దింపి, పిడికిలి మూసి తెరచి, లేచి నాలుగడుగులు నడచుచున్నాను. అల్లిక కొంచెము తగ్గెను. కాని సాయంత్రమునకు చెంబు ఎత్తుటకు వ్రేళ్లు మిగిలియున్నవి.

పొలములోనికి వెళ్లువారు బురదలో కాలు దిగబడినప్పుడు మోకాలిని మెలిత్రిప్పక, మొదట మడమను లేపి, తరువాత దేహమంతటిని త్రిప్పవలెను.

ఇప్పుడు మా మనుమరాలి సంగతి. దానికి 14 ఏండ్లు. బడిలో ఖోఖో ఆడును. వదులు కీళ్లు మా అమ్మనుండి నాకు, నానుండి మా అమ్మాయికి, అక్కడనుండి దానికి దిగినవి. ఒక్క సంవత్సరములో మూడుమారులు చీలమండ బెణికెను. మా అక్క, "ఆడపిల్ల, రేపు పెండ్లి కావలసినది. ఆట మాన్పించవే" అనెను. అక్క మాటలో ప్రేమయే కలదు. కాని ఆ పిల్ల నావైపు చూచి, "అమ్మమ్మా, ఆట మానితే నేను ఇంకేమి చేయాలి?" అని అడిగెను. కూర్చుండుట ఎట్లుండునో నేను మూడు నెలలు చూచియుంటిని. 14 ఏండ్ల పిల్లకు ఎన్ని నెలలు కూర్చుండుమని చెప్పుదుము?

అందుచేత ఆట మాన్పించలేదు. బెణుకు పూర్తిగా నెమ్మదించువరకు పరుగు నాపితిమి. తరువాత ఇద్దరము కలిసి తెల్లవారుజామున గుమ్మము పట్టుకొని ఒంటికాలి మీద నిలుచుచున్నాము. చీలమండకు బలము వచ్చినవరకు పరుగు మెల్లగా పెంచితిమి. ఆటకు ముందు దేహమును వేడిచేసికొనుట, అలసినప్పుడు చెప్పి ప్రక్కకు వచ్చుట నేర్చుకొనెను. వ్రేళ్లు వెనుకకు వంచి తోటివారికి చూపుట మానెను. ఈ యేడు ఒక్కమారు బెణికెను. ఒక్కమారు కూడ బెణకలేదని చెప్పగలిగినయెడల బాగుండును. కాని మూడు ఒకటియైనది, పిల్ల ఆటలో నున్నది.

ఒక హెచ్చరిక. కీలు మాటిమాటికి తప్పుచున్నను, చర్మము రబ్బరువలె సాగుచున్నను, చిన్న దెబ్బకే కమిలిపోవుచున్నను, లేచి నిలుచున్నప్పుడు కన్నులు చీకట్లు క్రమ్మి గుండె వేగముగా కొట్టుకొనుచున్నను, ఇంటి కసరత్తుతో సరిపెట్టుకొనరాదు. ఎహ్లర్స్ డాన్లాస్ అను జబ్బులలో కొన్ని రక్తనాళములను కూడ బలహీనపరచును గనుక వైద్యునికి చూపింపవలెను. గర్భిణీ స్త్రీలు కాన్పునకు ముందే తమ కీళ్ల సంగతి డాక్టరుకు చెప్పవలెను.

ప్రియులారా, మీ యింట, మీ వీధిలో, మీ సంఘములో ఇట్టి పిల్ల తప్పక యుండును. ఆ పిల్లను వంగి చూపుమని అడుగకుడి. నొప్పి యన్నప్పుడు సోమరి యనకుడి. కూర్చుండబెట్టకుడి, మితిమీరి పరుగెత్తింపకుడి. ఆమె దేహము ఇతరులు ఊరక నిలుచుండుటకు చేయు పనికంటె ఎక్కువ పని చేయుచున్నది. రోజుకు పావుగంట ఆమెతో గుమ్మము ప్రక్కన నిలువుడి. మీ మోకాళ్లకును అది మేలే చేయును.