పియానో కార్మికుడు జేమ్స్ పి. జాన్సన్

కళాకారుణ్ణి అంచనా కట్టేటప్పుడు మన విమర్శకులు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు: అతడు యేమి చెప్పాడు? యెవరి పక్షాన చెప్పాడు? రెండూ అవసరమైన ప్రశ్నలే. వీటికి తోడు మూడో ప్రశ్న కూడా వేయాలని చాలాకాలంగా నాకు అనిపిస్తూ వుంది. అతడు యెలా బతికాడు? రాత్రికి యెంత కూలి పుచ్చుకుని, యెవరి పేరు వెనక కూర్చుని పనిచేశాడు? నాచేత యీ ప్రశ్న వేయించినవాడు అమెరికా నల్లజాతి పియానో వాద్యకారుడు జేమ్స్ పి. జాన్సన్.

అతని వాద్యం నేను మొదట విన్నది అతని కోసం కాదు. బెస్సీ స్మిత్ పాడిన "బ్యాక్‌వాటర్ బ్లూస్" అనే వరదపాట కోసం. కృష్ణ వొడ్డున పుట్టి పెరిగినవాడికి వరద సంగతి యెవరూ చెప్పనక్కరలేదు గదా! ఆ పాట 1927 ఫిబ్రవరిలో రికార్డయింది. రెండు నెలలు తిరక్కుండా మిసిసిపీ నది గట్లు తెగి, లక్షలాది పేదలు, ముఖ్యంగా నల్లవారు, నిలవనీడ లేనివారయ్యారు. దానితో ఆ పాట వాళ్ల పాటే అయిపోయింది. రికార్డులో వున్నవి ఒక గొంతూ, ఒక పియానో, అంతే. గొంతు నింపాదిగా కష్టం చెప్పుకుంటూ వుంటే, కింద పియానో వురిమి, నీళ్లు పెరిగినట్టు పెరిగి, మళ్లీ గొంతుకు దారి యిచ్చి తప్పుకుంటుంది. యీ తప్పుకోవడం తెలిసిన చేతులు యెవరివా అని విచారిస్తే జాన్సన్ పేరు తేలింది.

అతడు 1894లో న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూ బ్రన్స్‌విక్‌లో పుట్టాడు. 1908 నాటికి కుటుంబం న్యూయార్కు చేరి, శాన్ వాన్ హిల్ అనే నల్లవారి పేటలో కాపురం పెట్టింది. అప్పటికి దేశమంతటా రాగ్‌టైమ్ వూపులో వుంది. స్కాట్ జాప్లిన్ "మేపుల్ లీఫ్ రాగ్" 1899లోనే అచ్చయింది. రాగ్‌టైమ్ కీలకం యిది: యెడమచెయ్యి తాళం తప్పకుండా నడుస్తూ వుంటుంది, కుడిచెయ్యి తాళం పడేచోట కాక రెండు దెబ్బల సందున నొక్కు పెడుతుంది. యీ తగాదాలోంచే ఆ సంగీతానికి నడక వచ్చింది. జాన్సన్ ఆ యెడమచేతికి మరింత పని పెంచాడు. అడుగున బరువైన స్వరం ఒకటి, వెంటనే పైకి దూకి స్వరాల గుత్తి ఒకటి. యీ పెద్ద అంగల వాద్యాన్నే "స్ట్రైడ్" అన్నారు. రాగ్‌టైమ్ నుంచి జాజ్‌కు వంతెన కట్టినవారిలో అతణ్ణి ముందు చెప్పుకోవాలి.

యీ విద్య అతనికి కేవలం గురువుల వద్ద అబ్బలేదు. శాన్ వాన్ హిల్‌లో జంగిల్స్ కేసినో అనే చోటు వుండేది. పేరుకు నృత్య పాఠశాల. అక్కడికి వచ్చేవాళ్లు దక్షిణాది తీరంనుంచి, ముఖ్యంగా చార్ల్‌స్టన్ వైపునుంచి, వలస వచ్చిన రేవు కూలీలు, పనివాళ్లు. వాళ్లు తమ వూరి గంతులు వేసేవారు. వాళ్ల కాళ్లను బట్టి యితడు చేతులు నడిపాడు. 1923లో "రన్నిన్ వైల్డ్" అనే సంగీత నాటకానికి అతడు కట్టిన "చార్ల్‌స్టన్" వరుస ప్రపంచమంతా చుట్టింది. ఆ దశాబ్దపు ధనికుల విలాసానికి గుర్తుగా యీనాటికీ చలనచిత్రాల్లో వినిపించే ఆ వరుస రేవు కూలీల అడుగుల్లో పుట్టిందని యెందరికి తెలుసు?

ఇక అతని బతుకుతెరువు. 1917 ప్రాంతంనుంచి అతడు పియానో రోల్స్ తయారుచేశాడు. పొడుగాటి కాగితపు చుట్టకు బెజ్జాలు వేసి, ప్రత్యేకమైన పియానోలో బిగిస్తే, మనిషి లేకుండానే మీటలు వాటంతటవే కదులుతాయి. వాయించినవాడు ఒక్కసారి వాయిస్తాడు. యంత్రం వెయ్యి యిళ్లల్లో వాయిస్తుంది. అతని "కరోలినా షౌట్" రోల్ పెట్టి, కదిలే మీటల మీద వేళ్లు ఆనించి ఆ బాణీ నేర్చుకున్న కుర్రవాడొకడు వాషింగ్టన్‌లో వుండేవాడు. అతడే తర్వాత డ్యూక్ ఎల్లింగ్టన్‌గా ప్రసిద్ధుడయ్యాడు. యంత్రం పనివాడి చేతిని అతనినుంచి విడదీస్తుంది. ఆ చేతినే పరవూరి పిల్లవాడి ముందు గురువుగానూ నిలబెడుతుంది. యీ రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాచితే అది విమర్శ కాదు.

రాత్రుళ్లు హార్లెమ్‌లో అద్దె విందులు జరిగేవి. అక్కడ నల్లవారి వద్ద యింటివాళ్లు హెచ్చు అద్దెలు గుంజేవారు. నెలాఖరుకు అద్దె డబ్బు చాలని సంసారి తన గదుల్లోని సామాను పక్కకు నెట్టి, పియానో వాద్యకారుణ్ణి పిలిపించి, వచ్చినవాళ్ల వద్ద తలా కొంచెం వసూలు చేసేవాడు. తెల్లవార్లూ పాట, ఆట, వాద్యకారుల మధ్య పోటీ. ఆ పోటీల్లో జాన్సన్‌ను మించినవాడు అరుదు. ఫాట్స్ వాలర్ అతని శిష్యుడే.

మా మేనమామ కాంట్రాక్టు నాటకాలకు హార్మోనిస్టుగా యిరవై యేళ్లకు పైగా పనిచేశాడు. గోడపత్రాల మీద నటుల పేర్లు పెద్ద అక్షరాల్లో వుండేవి. పద్యం యెత్తుకున్న నటుడు రాగం తీస్తూ తీస్తూ శ్రుతి జారితే, మా మామయ్య మెట్ల మీద అతణ్ణి పట్టుకుని వొడ్డుకు చేర్చేవాడు. వన్స్‌మోర్‌లు మాత్రం నటుడివి. "మనం గోడలాంటివాళ్లంరా, బొమ్మ వేలాడదీస్తే జనం బొమ్మనే చూస్తారు" అని నవ్వేవాడు. ఆ నవ్వులో బాధ వుందని నేను కనిపెట్టాను గాని, అడిగితే వొప్పుకునేవాడు కాదు.

జాన్సన్ గోడగా వుండడంతో తృప్తి పడలేదు. సావన్నా పట్టణంలోని నల్లవారి పేట పేరు పెట్టి "యామక్రా" అనే పెద్ద రచన చేశాడు. 1928లో దాన్ని కార్నెగీ హాలులో ప్రదర్శించారు. ఐతే పియానో వద్ద కూర్చున్నది జాన్సన్ కాదు, శిష్యుడు వాలర్. జాన్సన్ అప్పుడు ఒక సంగీత నాటకానికి వాద్యబృందం నడుపుతున్నాడు. ఆ పని వదిలి రావడానికి అతనికి వీలు చిక్కలేదు. తన రచన తాను వాయించుకోవడానికి కూడా కూలిపని అడ్డువచ్చిందన్న మాట! 1932లో "హార్లెమ్ సింఫనీ" రాశాడు. గగ్గెన్‌హైమ్ ఫెలోషిప్‌కు అర్జీ పెట్టుకుంటే దొరకలేదు.

అతణ్ణి ఆదరించిన వేదికల్లో వామపక్షానివి వున్నాయి. 1938 డిసెంబరులో "న్యూ మాసెస్" పత్రిక ఆధ్వర్యాన కార్నెగీ హాలులో నల్లవారి సంగీత ప్రదర్శన జరిగింది. అందులో జాన్సన్ వాయించాడు. తర్వాత లాంగ్‌స్టన్ హ్యూస్ రాసిన "డి ఆర్గనైజర్" అనే చిన్న ఒపేరాకు సంగీతం కట్టాడు. పాలేర్లు, కౌలుదార్లు సంఘం పెట్టుకోవడం దాని కథ. 1940లో స్త్రీల దుస్తుల కార్మికుల యూనియన్ మహాసభ సందర్భంగా దాన్ని ప్రదర్శించారు. ఆ తర్వాత దాని స్వరప్రతి చాలాకాలం యెవరికీ కనబడకుండా పోయింది. తిరిగి దొరికాక 2002లో మిషిగాన్ రాష్ట్రంలో మళ్లీ ప్రదర్శించారు.

మా అధ్యయన గోష్ఠిలో యీ సంగతులు చెప్పినప్పుడు ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, ఆ ఒపేరా చాలు గదా, అతడు మనవాడని చెప్పడానికి! గంతుల పాటల సంగతి మనకెందుకు?" అన్నాడు. ప్రశ్న న్యాయమైనదే. నా సమాధానం యిది: ఆ ఒపేరా ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే, నలభై యేళ్ల చాకిరీని కొట్టివేసి ఒక్క రాత్రిని మిగుల్చుకున్నట్టవుతుంది. అద్దె విందులో అతడు వాయించిన పాటలో నినాదం లేదు. ఐనా ఆ పాటవల్ల ఒక సంసారం ఆ నెలకు వీధిన పడలేదు. తోటివాడి అద్దెకు తలా కొంత వేసుకోవడం సంఘటన కాకపోతే మరేమిటి? పాలేర్ల సంఘం మీద సంగీతం కట్టగలిగిన చెయ్యి అక్కడే, ఆ యిరుకు గదుల్లోనే తయారైంది.

అయితే యిక్కడ అతిశయోక్తికి పోగూడదు. అద్దె విందు అద్దెను తగ్గించలేదు. మర్నాడు యింటివాడి జేబే నిండింది. ఆ లెక్క మార్చడానికి యూనియన్ కావలసిందే. జాన్సన్ పేట శాన్ వాన్ హిల్ గతే యిందుకు సాక్ష్యం. 1950లలో, 60లలో అక్కడి యిళ్లు కూల్చి, పేదలను వెళ్లగొట్టి, లింకన్ సెంటర్ అనే కళామందిరాల సముదాయం కట్టారు. తన రచనలకు పెద్ద వేదికల కోసం బతుకంతా పెనుగులాడినవాడి వీధుల మీదే ఒపేరా భవనం లేచింది!

1951లో పక్షవాతం వచ్చి జాన్సన్ చేతులు ఆగిపోయాయి. 1955 నవంబరులో న్యూయార్కులో చనిపోయాడు. క్వీన్స్‌లోని అతని సమాధికి యాభై యేళ్లకు పైగా పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2009లో న్యూయార్కు పియానో వాద్యకారులు కొందరు అతని పేర ఒక అద్దె విందు జరిపి, వంతులవారీగా వాయించి, వచ్చిన డబ్బుతో ఆ రాయి నిలబెట్టించారు.

మన జిల్లాల్లో యింకా వయసు మళ్లిన హార్మోనిస్టులు, తబలా వాయించేవారు, బుర్రకథలో వంత పాడినవారు వున్నారు. వారి పేర్లు యే గోడపత్రంలోనూ దొరకవు. విద్యార్థి మిత్రులు సెలవుల్లో వారివద్దకు పోయి, యే యేడు, యే సమాజంలో, యెంత కూలికి, యెవరి పక్కన పనిచేశారో అడిగి రాసుకురావాలని నా కోరిక. మన కళాచరిత్రలో ఆ పుట రాయవలసే వుంది.