గాలి పట్టిన బండి

లోడు లారీ దారిలో ఆగిపోతే ఓనరు గుండె గుభేలుమంటుంది. పంపు పోయిందేమో, నాజిళ్లు పోయాయేమో అని లెక్కలు మొదలుపెడతాడు. ఈమధ్య నెపం సెన్సర్ల మీదికి కూడా పోతోంది. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో కూర్చుని నేను గమనించిందేమిటంటే, చాలా బండ్లలో అంత దూరం వెళ్లక్కర్లేదు. మూసుకుపోయిన డీజిల్ ఫిల్టరో, దాని దగ్గరికొచ్చే పైపు చివర విరిగిన ప్లాస్టిక్ కనెక్టరో దొరుకుతుంది. రెండూ చిన్నవే. కానీ ఆ రెంటిలో ఏదో తేల్చుకోకుండా పానా పట్టుకుంటే మాత్రం రోజంతా పోతుంది.

నాకు తెలిసిన మేస్త్రి ఒకాయన బండి కిందికి దూరకముందే డ్రైవరును ఒక్క ప్రశ్న అడుగుతాడు.

"ఏం బాబూ, పొద్దున స్టార్టింగు కష్టమా, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం కష్టమా?"

"పొద్దున్నే బాబాయ్. ఒకసారి అందుకుందంటే మళ్లీ రాత్రిదాకా ఏ పేచీ లేదు."

సగం పని ఇక్కడే అయిపోతుంది. ఫిల్టరు మూసుకుపోయిన బండి ఐడిలింగులో హాయిగా ఆడుతుంది, ఎందుకంటే అప్పుడు ఇంజనుకు కావలసిన డీజిల్ కొంచెమే. లోడుతో ఫ్లైఓవరో ఘాటో ఎక్కి యాక్సిలరేటరు తొక్కితే చాలినంత అందక పికప్ పడిపోతుంది. గాలి పట్టిన బండి తీరు వేరు. రాత్రంతా నిలబెట్టినప్పుడు పైపులో ఉన్న డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, ఆ జాగాలోకి గాలి చేరుతుంది. పొద్దున సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోతుంది గానీ ఇంజను అందుకోదు.

గాలి ఎటునుంచి వస్తుందన్నది కొత్త కుర్రాళ్లకు అంత సులభంగా తలకెక్కదు. పైపు కారితే కింద డీజిల్ మరక ఉండాలి కదా అని వెతుకుతారు. కానీ ట్యాంకు నుంచి డీజిల్ తోడే ఫీడ్ పంపు, తన దాకా ఉన్న దారిలో దాన్ని లోపలికి పీలుస్తుంది. ఆ పైపులో వెలితే ఉంటుంది గానీ ఒత్తిడి ఉండదు. అక్కడ బీటపడితే బయటికి చుక్క కారదు, లోపలికి గాలి దూరుతుంది. ఫీడ్ పంపు దాటాక పడిన బీట అయితే కారుతుంది, వాసనొస్తుంది, దుమ్ము అంటుకుని నల్లగా పేరుకుంటుంది. పొడిగా, శుభ్రంగా కనిపించే కనెక్టరే దొంగ కావచ్చు. అందుకే మా మేస్త్రి ఫిల్టరు ముందు ఒక జానెడు పారదర్శకమైన గొట్టం తగిలించి, ఇంజను ఆడించి చూస్తాడు. అందులో బుడగల వరుస పరుగెత్తిందంటే తప్పు ట్యాంకు వైపున్నట్టు. ఇంత సులువైన పరీక్ష ఉండగా ఊహల మీద సామాన్లు మార్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ ఖర్చు ఎవరో ఒక చిన్న ఓనరు కిస్తీ డబ్బు.

ఒకప్పుడు ఈ పనికి ఇంత జాగ్రత్త అక్కర ఉండేది కాదు. 1954లో జంషెడ్‌పూర్‌లో టాటా బెంజి లారీల తయారీ మొదలైన దగ్గర్నుంచి చాలా దశాబ్దాలు మన రోడ్ల మీద వరస (ఇన్‌లైన్) పంపులదే రాజ్యం. మైకో కంపెనీ పంపు, పక్కన రెండు ఫిల్టరు గిన్నెలు, ఒకదాంట్లో గుడ్డ, రెండోదాంట్లో కాగితం. ఇనప పైపులు, బాంజో బోల్టులు, రాగి వాషర్లు. వాషరు గట్టిపడిందనిపిస్తే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి మెత్తబరిచి మళ్లీ వేసేవారు. గాలి తీయాలంటే ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, నురగ పోయి నిండు ధార వచ్చేదాకా ఆగి బిగించేవారు. ఆ బండ్లు చాలా తప్పులు ఓర్చుకునేవి.

ఇంజెక్టర్లన్నిటికీ ఒకే గొట్టం (రైలు) నుంచి పెద్ద ఒత్తిడితో డీజిల్ అందే ఇప్పటి కామన్ రైలు బండి ఓర్చుకోదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక పెద్ద లారీల్లో ఈ పద్ధతే నడుస్తోంది. లారీ టైరులో మనం కొట్టించే గాలి 110, 120 పౌండ్లు. రైలులో డీజిల్ ఒత్తిడి 1600 బార్ అనుకుంటే అదే లెక్కలో 23 వేల పౌండ్లు దాటుతుంది. అంత ఒత్తిడిని ఆపి, వదిలే ఇంజెక్టరు లోపలి ముక్కల మధ్య సందు కొద్ది మైక్రాన్లే. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కంటికి ఆనని నలుసు ఒకటి లోపలికి పోయినా అక్కడ గీత పడుతుంది. ఒక్కో ఇంజెక్టరు ధర వేలల్లో ఉంటుంది.

అందుకే పాత అలవాట్లలో రెండు కచ్చితంగా మానాలి. కొత్త ఫిల్టరును డబ్బాలోని డీజిల్‌తో నింపి బిగించడం మొదటిది. నడిమి రంధ్రంలో పోసిన డీజిల్ వడపోత కాకుండా నేరుగా పంపులోకి వెళ్తుంది. ఇంజను మీదుండే సన్న ఫిల్టరును ఖాళీగానే బిగించి, చేతిపంపుతోనే నింపాలి. ఇంకోటి, ఇంజను తిరుగుతుండగా నాజిల్ పైపు నట్టు వదులు చేసి గాలి తీయడం. కామన్ రైలులో అది ప్రాణం మీదికి తెస్తుంది. సన్నటి ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటులా కనిపించినా వెంటనే ఆస్పత్రిలో ఆపరేషను కావాలి, ఆలస్యమైతే వేలు పోతుంది, చెయ్యి కూడా పోవచ్చు. ప్రతి షెడ్డు గోడ మీదా పెద్దక్షరాలతో రాయించాల్సిన మాట ఇది.

ఇక కనెక్టరు సంగతి. ఇనప పైపుల స్థానంలో నైలాను పైపులు వచ్చాయి, బోల్టుల స్థానంలో టక్కుమని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు వచ్చాయి. పైపు మొన దగ్గర ఒక ఉబ్బెత్తు అంచు ఉంటుంది. క్లిప్పు దాని వెనక పట్టుకుంటుంది, లోపలి ఓ-రింగులు గాలి చొరకుండా ఆపుతాయి. మంచి ఏర్పాటే. కానీ ఇంజను వేడికి ఆ ప్లాస్టిక్ ఏళ్ల తరబడి కాగి పెళుసెక్కుతుంది. మన లారీలు తిరిగేది సిమెంటు ఫ్యాక్టరీలు, క్వారీలు, ఇసుక రేవుల మధ్య. ఆ దుమ్మంతా క్లిప్పు సందుల్లో చేరి బిగుసుకుపోతుంది. హడావుడి మనిషి స్క్రూడ్రైవరు పెట్టి ఎత్తుతాడు, క్లిప్పు చెవి టప్పున విరుగుతుంది.

మా మేస్త్రి చేసేది చూడాలి. ముందు గాలిగొట్టంతో ఊదుతాడు, డీజిల్‌లో ముంచిన బ్రష్షుతో కడుగుతాడు, మళ్లీ ఊదుతాడు. తర్వాత కనెక్టరును బయటికి లాగడు, కాస్త లోపలికే నొక్కుతాడు. అప్పుడు అంచు మీద పట్టు సడలుతుంది. రెండు చెవులూ వేళ్లతో అదిమి మెల్లగా వెనక్కి తీస్తాడు. తీసిన వెంటనే రెండు మొనలకూ శుభ్రమైన ప్లాస్టిక్ టోపీలు తొడుగుతాడు. కొత్త ఫిల్టరు కవరు విప్పబోయిన కుర్రాణ్ణి ఆపుతాడు: "ఒరేయ్, ముందు చేతులు సబ్బుతో కడుక్కురా. దాన్ని కప్పిన కాగితం నువ్వు బిగించే ముందు తీయాలి గానీ ఇప్పుడే కాదు." రబ్బరు వలయానికి వేలితో కాస్త మంచి డీజిల్ రాసి చేత్తో తిప్పుతాడు, వలయం ఆనాక డబ్బా మీద అచ్చువేసినంతే బిగిస్తాడు. పట్టీ వేసి బలం కొద్దీ బిగించడం ఆయనకు కిట్టదు. ఆ బలం తర్వాతిసారి విప్పేవాడి ఉసురు తీస్తుంది.

చెవి విరిగిన కనెక్టరును ఇనప తీగతో కట్టి, గమ్ము పూసి పంపేవాళ్లున్నారు. నడిరోడ్డు మీద ఇంటికి చేరడానికి అయితే తప్పు పట్టను. షెడ్డులో నిలబెట్టి ఆ పని చేసి డబ్బు తీసుకోవడం మాత్రం తప్పే. సరైన దారి కొత్త కనెక్టరు వేయడం. పైపును పదునైన బ్లేడుతో అడ్డంగా, తిన్నగా కోయాలి. రంపంతో కోస్తే పొట్టు లోపల పడుతుంది. మొనను వేడినీళ్లలో ఉంచి మెత్తబరిచి పళ్లున్న కనెక్టరును చివరిదాకా దూర్చాలి, నిప్పు చూపిస్తే నైలాను పాడవుతుంది. కోశాక పైపు పొట్టిదై బిగుసుకుంటే పైపు మొత్తం మార్చాలి. లాగిపట్టి తగిలిస్తే ఇంజను అదురుకు మళ్లీ ఊడుతుంది. తగిలించాక టక్కుమన్న శబ్దం వినపడాలి, వెనక్కి లాగి చూసుకోవాలి. ఆపైన చేతిపంపు గట్టిపడేదాకా కొట్టి, ఇంజను ఆడించి, లోడుతో ఒక చుట్టు తిప్పుకొచ్చి, తడి ఉందేమో మళ్లీ తడిమి చూసి, ఫిల్టరు మీద తేదీ, కిలోమీటర్లు మార్కరుతో రాస్తాడు మేస్త్రి.

ఇంత చేసే మనిషికి అడ్డం పడేది సామాను. మాకు చాలాసార్లు కనెక్టరు విడిగా దొరకదు, పైపు మొత్తం సెట్టుగా కొనమంటారు, అదీ తెప్పించి ఇవ్వాలంటారు. బండి అప్పటిదాకా షెడ్డులో నిలబడాలి, కిస్తీ మాత్రం ఆగదు. ఇనప తీగ అక్కడే పుడుతుంది. కొత్త లారీతో పాటు స్టెప్నీ, జాకీ ఇస్తున్నారు. వాటి పక్కన ఆ బండి కొలతకు సరిపోయే కనెక్టర్లు రెండు, ఓ-రింగులు కొన్ని కూడా పెట్టి ఇవ్వాలని, ఆ ముక్కలను ప్రతి జిల్లా కేంద్రంలోనూ విడిగా అమ్మాలని లారీలు తయారుచేసే కంపెనీలన్నిటినీ అడుగుతున్నాను.